ఐదున్నరమ్మ

బ్యాండులో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. అందరికీ ఐదున్నరమ్మే.

ఆ పేరు పెట్టింది డ్రమ్ములు వాయించే డ్రైవరన్న. ఆయన పగలు సిటీ బస్సు నడిపేవాడు, సాయంత్రాలు డ్రమ్ముల వెనక కూర్చునేవాడు. కొత్తగా పెళ్ళయి వచ్చిన పిల్లని, ఏ శ్రుతిలో పాడతావమ్మా అని అడిగింది ఆయనే. "ఐదున్నర," అంది ఆమె, కొట్లో జాకెట్టు కొలత చెప్పినంత తేలిగ్గా. శ్రుతి అంటే పాట కాలు మోపే నేల. అంకె పెరిగినకొద్దీ ఆ నేల పైకి లేస్తుంది. దాని మీద నిలబడి ఇంకా పైకి ఎగరాలంటే గొంతులో సత్తువ ఉండాలి. చాలామంది గొంతులు ఐదు దగ్గరే ఆగిపోతాయి. ఈ పిల్ల ఐదున్నరలో పల్లవి ఎత్తుకుని, చరణంలో ఎక్కడికో వెళ్ళి, అక్కడ ఒక క్షణం నిలబడి, కొంగు సర్దుకున్నంత నింపాదిగా దిగివచ్చింది. డ్రైవరన్న పుల్లలు ఒళ్ళో పెట్టుకుని, "మనకి మేడ మీద గది దొరికిందర్రా," అన్నాడు.

అదంతా పాత మాట. ఇప్పుడామెకు అరవై దాటాయి. కూర్చుంటే మోకాళ్ళు పట్టేస్తాయి. చదవడానికి ఒక కళ్ళజోడు, సూదిలో దారం ఎక్కించడానికి ఇంకొకటి. వారమంతా ముందుగదిలో మిషను మీద కర్టెన్లు, సోఫా కవర్లు కుడుతుంది. శనివారం సాయంత్రం మాత్రం నీలం చీర కట్టుకుని, బస్టాండు ఎదుటి హోటల్లో, భోజనాల హాలు చివర, వంటింటి తలుపుకీ చేతులు కడుక్కునే సింకుకీ మధ్యనున్న చెక్క వేదిక మీద నిలబడి పాడుతుంది. ఎడమవైపు కుర్చీలో ఆమె భర్త, ఒళ్ళో అకార్డియన్. దాన్ని అందరూ పెట్టె అనే అంటారు. ఆయన లిఫ్టు మెకానిక్కు. వెనక బేస్ గిటారుతో సెలూన్ తమ్ముడు, ఆ పక్కన రిటైరైపోయిన డ్రైవరన్న. అందరి జుట్టూ నెరిసింది. సెలూన్ తమ్ముడొక్కడే రంగు వేస్తాడు. "షాపుకి బోర్డులాంటిది కదక్కా, వెలిసిపోకూడదు," అంటాడు.

ఆ హాల్లో వినేవాళ్ళకంటే తినేవాళ్ళు ఎక్కువ. చెంచాల చప్పుడు ఆమెకు ఎప్పుడో అలవాటైపోయింది. ఎవరో ఒకరు చేతులు కడుక్కుంటూ ఆగి, "మీ గొంతు ఏమీ మారలేదమ్మా, అప్పుడెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది," అంటే చాలు, ఆ వారానికి సరిపోయేది. ఆ మాటని ఇంటికి మోసుకొచ్చి, చెప్పులు విప్పుతూ, వంటింట్లోకి వినబడేలా చెప్పేది. వంటింట్లో వదిన ఉండేది.

వదిన సంగతి చెప్పకపోతే ఈమె సంగతి చెప్పినట్టు కాదు.

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. ఆమె, ఆయన, ఆయన అక్క. పిల్లలు కలగలేదు. వదినకి పెళ్ళి కుదరలేదు. కొంతకాలానికి ఆ సంగతి ఎత్తడం అందరూ మానేశారు. ఈమె రాకముందు బ్యాండులో పాడింది వదినే. ఈమె వచ్చాక మొదటి ఏడాది ఇద్దరూ పాడేవారు, ఒక పాట వదినది, ఒక పాట ఈమెది. ఆ చలికాలం వదినకి జలుబు చేసి గొంతు పట్టేసింది. ముందుగదిలో రిహార్సలు జరుగుతుంటే, పెట్టె వాయిస్తున్న తన తమ్ముడితో, "ఒరేయ్, ఈ పాట కాస్త నాలుగున్నరకి దించు," అంది. ఎప్పుడూ ఆవిడ పాడేది ఐదులో. అడిగింది అర. అంతే.

కొత్తకోడలు ఊరుకోలేదు. "శ్రుతి దించుకుని పాడటమంటే, మెట్లెక్కలేక మేడనే కిందికి దించమన్నట్టుంది వదినా," అంది.

నవ్వొచ్చే మాటే. సెలూన్ తమ్ముడు పడీపడీ నవ్వాడు. డ్రైవరన్న సర్కస్‌లో జోకు పేలాక వేసినట్టు డ్రమ్ము మీద ఒక దెబ్బ కూడా వేశాడు. లిఫ్టు మెకానిక్కు ఇంట్లో మేడ దించే మాట అనేసరికి భర్త కూడా తల వంచుకుని నవ్వాడు. అందరితోపాటు వదినా నవ్వింది. మైకుని స్టాండుకి తగిలించి, "పాలు పొంగుతున్నట్టున్నాయి," అని వంటింట్లోకి వెళ్ళింది. మళ్ళీ పాడలేదు. గిన్నెలు తోముకుంటూ కూనిరాగం తీయడం కూడా ఎవరూ వినలేదు.

ఆ మాట ఈమెకు కొన్నాళ్ళు గుచ్చుకుంది. తర్వాత పాటలన్నీ తనవే అయ్యాయి, గుచ్చుకోవడం ఆగింది. అన్నదాన్ని వెనక్కి తీసుకోవడానికి మొదట్లో వేళ కుదరలేదు. వేళ కుదిరేసరికి అవసరం కనిపించలేదు.

పాడేవాళ్ళు శ్రుతి అడుగుతారు, వాయించేవాళ్ళు ఇస్తారు. ఎక్కడైనా అదే పద్ధతి. వదిన మానేశాక ఈ బ్యాండులో మాత్రం అడగడం లేదు. ఆయన పెట్టె తెరిచి, పైకీ కిందికీ వేళ్ళతో ఒక చిన్న పరుగు తీసి, చివర ఒక స్వరం మీద ఆగేవాడు. ఆమె దాన్ని అందుకునేది. అంకె ఎవరూ పైకి అనేవారు కాదు. అనడమెందుకు, ఆమె పేరే అది. ఎప్పుడో ఒకసారి, "ఏమండీ, ఈమధ్య కాస్త కిందుగా ఉన్నట్టనిపిస్తోందేం?" అని అడిగింది. ఆయన పెట్టె తిత్తిని తడిమి, "ముసలిదైపోయింది. గాలి దిగుతోంది. మనలాగే," అన్నాడు. ఆమె నవ్వి ఊరుకుంది. పాడుతుంటే గొంతు హాయిగానే ఉంది మరి.

ఆ ఏడు వానాకాలంలో ఒక పాత భవనంలో లిఫ్టు తలుపు మధ్య ఆయన ఎడమచెయ్యి పడింది. మణికట్టుకి పిండికట్టు వేశారు. పెట్టె లాగాల్సింది ఎడమచేత్తోనే.

"ఈ వారానికి మానేద్దాంలే," అన్నాడాయన.

"విరిగింది మీ చెయ్యి. నా గొంతు కాదుగా," అంది ఆమె. బళ్ళో సంగీతం చెప్పే మాస్టారొకాయన కీబోర్డు తెస్తానని ఒప్పుకున్నాడు కూడా.

శనివారం పొద్దున్న ఆయన సెలూన్ తమ్ముడికి ఫోను చేసి, గోడవైపు తిరిగి, గొంతు తగ్గించి చాలాసేపు మాట్లాడాడు. ఆమె బట్ట కత్తిరిస్తూ విన్నది చివరి ముక్క ఒక్కటే. "మర్చిపోకు. మొదలెట్టకముందే చెప్పు ఆయనకి."

చెప్పడానికి సెలూన్ తమ్ముడు ఉంటేగా. శనివారం షాపు నిండా జనం. ఎవరిదో సగం గడ్డం మీద కత్తి ఆపి రాలేడు. ఆమె, డ్రైవరన్న, కొత్త మాస్టారు వేదిక మీద కూర్చున్నారు. హోటల్ మేనేజరు గడియారం వైపు చూసి, వీళ్ళవైపు చూశాడు.

"ఏ శ్రుతి అమ్మా?" అన్నాడు మాస్టారు.

"నా పేరు చెప్పలేదా మీకు ఎవరూ? ఐదున్నర."

మాస్టారు కళ్ళజోడు పైకెత్తి చూశాడు. "ఈ వయసులో ఐదున్నరా? మీకు దణ్ణం పెట్టాలి."

ఆమెకు ఆ మాట చాలా బాగుంది. డ్రైవరన్న మాత్రం సీట్లో కదిలాడు. "చెల్లమ్మా, వాణ్ణి రానీ. కాసేపు ఆగుదాం."

"బేస్ లేకపోతే పల్లవి ఆగదులే అన్నయ్యా. బస్సు నడిపేటప్పుడు ఇలాగే ఆపేవాడివా, ఒక్క ప్యాసింజరు కోసం?"

ఆయన పుల్లలు ఎత్తాడు.

మొదటి మాటకే ఆమెకు నేల ఎత్తుగా తగిలింది. చీకట్లో, లేదనుకున్న మెట్టు కాలికి కొట్టుకున్నట్టు. సర్దుకుని పాడింది. రెండో వరుసకి గొంతు సన్నబడింది; సూది బెజ్జం ముందు దారపు పోగు విడిపోయినట్టు, ఎంత కూడదీసినా లోపలికి వెళ్ళనంటోంది. జలుబేమో అనుకుంది. ఏసీ గాలేమో అనుకుంది. అంతలో సెలూన్ తమ్ముడు రొప్పుతూ వేదిక ఎక్కి, గిటారు తగిలించుకుని, ఎవర్నీ ఏమీ అడక్కుండా, ఏళ్ళ తరబడి వెళ్ళిన చోటికే చెయ్యి పోనిచ్చి వాయించడం మొదలుపెట్టాడు.

కీబోర్డు ఒకచోట, బేస్ ఇంకొకచోట. రెండు బస్సులు పక్కలు రాసుకున్నట్టు చప్పుడు. హాలంతా చెంచాలు ఆగాయి. అన్నేళ్ళలో ఆ హాలు మొత్తం ఒక్కసారిగా తలెత్తి వేదిక వైపు చూడటం అదే మొదలు.

ఆమె పాట ఆపి మాస్టారి వైపు తిరిగింది. "మీ కీబోర్డులో శ్రుతి మార్చే బొత్తాం ఏదో నొక్కుకుపోయినట్టుంది, చూడండి. ఇందాకట్నుంచీ పైకి పోతోంది."

"లేదమ్మా. సున్నా మీదే ఉంది. మీరే చూడండి. ఇది ఐదున్నర."

"అయితే నువ్వేం వాయిస్తున్నావు తమ్ముడూ?"

"నేనా? ఎప్పుడూ వాయించేదే అక్కా. మూడు."

అన్నాక గాని అతనికి తను ఏమన్నాడో తెలిసిరాలేదు. తెలిశాక, తెగిన జుట్టు భుజం మీద ఉన్నట్టు దులుపుకోవడం మొదలుపెట్టాడు. డ్రైవరన్న పుల్లల చివరలు పరీక్షగా చూసుకుంటున్నాడు. మాస్టారొక్కడే అమాయకంగా, "అయితే మూడు ఇవ్వనా?" అని అడిగి, ఆమె ఏమీ అనకముందే ఇచ్చేశాడు.

జనం చూస్తున్నారు. ఆమె పాడింది. అసలు దారుణం అప్పుడు జరిగింది. మూడులో గొంతు విచ్చుకుంది. తాళంచెవి పెట్టగానే తిరిగే సొంతింటి తలుపులా విచ్చుకుంది. ఏ మూల ఏముందో, ఎక్కడ వంగాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అన్నీ తెలిసిన ఇల్లు. ఇన్నేళ్ళుగా తను కాపురముంటున్నది ఇక్కడ. మేడ మీద అనుకుంటూ.

ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండా ముందుగదిలో నిలబడింది.

"ఎప్పట్నుంచి?"

ఆయన కుర్చీలో వెనక్కి జరిగాడు. "ఒక్కసారిగా కాదు. నీకు ఆ జ్వరం వచ్చి తగ్గాక పై స్వరాలు జారాయి. ఆ వారం ఐదు ఇచ్చాను. హాయిగా పాడావు. కోలుకున్నాక మళ్ళీ పెంచుదామనే అనుకున్నాను."

"పెంచారా?"

"లేదు."

"ఒక్కమాట నాతో అనొచ్చుగా."

"అంటే మానేస్తావు." కట్టుకట్టిన చేతిని ఒళ్ళోకి లాక్కున్నాడు. "లిఫ్టు మెల్లగా దిగితే లోపలున్నవాళ్ళకి దిగుతున్నట్టే తెలీదు. అలా..."

"లోపలున్నదాన్ని నేను," అంది. "పైకి వెళ్తున్నాననుకుంటూ. మెట్ల మీద నిలబడి మీరందరూ చూస్తూ. ఎవరెవరికి తెలుసు?"

"బేస్ వాయించేవాడికి చెప్పకుండా కుదరదు కదా. డ్రైవరన్నకి నేను చెప్పలేదు, ఆయనే పట్టేశాడు."

"ఇంకా?"

ఆయన వంటింటి వైపు చూశాడు.

వదిన గుమ్మంలో నిలబడి ఆరిన తువ్వాళ్ళు మడత పెడుతోంది. చెయ్యి ఆపలేదు. "వాడినేమీ అనకు. దించమని చెప్పింది నేను. నిన్ను మానిపిద్దామనే మొదట్లో వాడి ఉద్దేశం. నవ్వులపాలవుతుందేమో అక్కా అన్నాడు. మానిపించకు, దించు, చెప్పకు అన్నాను."

"ఎందుకు వదినా?"

"దించమని నీ అంతట నువ్వు అడగలేవుగా పిల్లా. ఆ దారి నీ నోటితో నువ్వే మూసుకున్నావు."

"నా మీద జాలిపడ్డావా?"

వదిన తువ్వాలు అంచులు కలిపి, ఎక్కువతక్కువలు చూసి, మళ్ళీ కలిపింది. "మొదట్లో జాలే. తర్వాత్తర్వాత సరదాగా ఉండేది. గొంతు ఏమీ మారలేదన్నారని శనివారం వచ్చి నువ్వు చెప్తుంటే, ఆ రోజు వంట బాగా కుదిరేది నాకు." మడిచిన తువ్వాళ్ళు చంకన పెట్టుకుంది. "నేను నాలుగున్నర అడిగినందుకే మేడ దించినదాన్నయ్యాను. నీకు మేడ ఏనాడో పోయింది. అరుగు మీద పాడుతున్నావు."

ఆమె కొన్ని శనివారాలు వెళ్ళలేదు. హోటల్ వాళ్ళు స్పీకర్లలో ఏవో పాటలు వేసుకున్నారట. ఆమె రాలేదేమని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరని సెలూన్ తమ్ముడు చెప్పలేదు, కానీ అడిగారని కూడా చెప్పలేదు. మాటలు పోగొట్టుకున్న ఇంట్లో మిషను చప్పుడే వినబడేది. కర్టెన్లు ఎప్పటికంటే త్వరగా అయిపోతున్నాయి.

ఒక మధ్యాహ్నం ఆయన కట్టు చూపించుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళాడు. ఆమె మంచం మీద పెట్టె పెట్టుకుని, తిత్తిని మోకాలితో ఆపి, లాగి, ఐదున్నర మెట్టు నొక్కింది. పల్లవి కూడా దాటలేదు. ఐదు నొక్కింది. అదీ అంతే. నాలుగున్నర దగ్గర మాత్రం మొండిపట్టు పట్టింది. ఒక్క ఈ అంకె అందితే చాలనుకుంది. వదిన అడిగిన అంకె. చరణం మూడో వరుసలో గొంతు నిలువునా చీలింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది.

ఆమె లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్ళింది.

"వదినా. ఆ రోజు నేనన్నది..."

"ఏ రోజు?"

"అదే. మేడ మాట."

"నువ్వేదో అన్నావు, అందరూ నవ్వారు. నేనూ నవ్వాను." వదిన కుళాయి కట్టేసింది. "నువ్వన్నావని నేను మానేశాననుకుంటున్నావా ఇన్నాళ్ళూ? కొత్తదానివి, నోటిదురుసుదానివి, అంటావు. నిన్నెవరు పట్టించుకున్నారు? లోపలికొచ్చి, ఇదిగో, ఇక్కడే నిలబడ్డాను. నలుగురిలో ఒక్కరైనా గుమ్మంలోకొచ్చి, దించితే ఏమైందక్కా, పాడు, అంటారేమోనని చూశాను. నా తమ్ముడైనా అంటాడేమోనని. ముందుగదిలో నీ పాట మొదలైంది."

"పాలు పొంగుతున్నాయని వెళ్ళావు కదా వదినా."

"పాలెక్కడివి? పొయ్యి వెలిగిస్తేగా."

ఈమె చెప్పాలని తెచ్చుకున్న మాట చేతిలోనే ఉండిపోయింది, ఎక్కడ పెట్టాలో తెలియని సామానులా. వదిన మళ్ళీ కుళాయి తిప్పింది.

కట్టు విప్పారు. శనివారం మధ్యాహ్నం ఆయన పెట్టె తుడుచుకుంటూ, తలెత్తకుండా, "వస్తావా?" అన్నాడు. ఆమె సాయంత్రం నీలం చీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఎందుకు వెళ్తున్నదో ఆమెకూ సరిగ్గా తెలీదు. మానేస్తే వదిన పక్కన వంటింట్లో రెండో మనిషిగా నిలబడాలి. ఆ చోటు చాలా ఇరుకు.

వేదిక మీద అందరూ తమ తమ సామాన్లతో అవసరానికి మించి పని పెట్టుకున్నారు. ఆయన పెట్టె తెరిచాడు. ఎప్పుడూ తీసే పరుగు తీయలేదు. వేళ్ళు మెట్ల మీద ఆనించి, పెళ్ళయినప్పట్నుంచీ ఒక్కనాడూ అడగని ప్రశ్న అడిగాడు.

"ఎంత ఇమ్మంటావు?"

సెలూన్ తమ్ముడు నేల చూశాడు. ఐదున్నర అంటే ఆయన ఇచ్చేస్తాడని ఆమెకు తెలుసు. ఆ మొహంలో ఇక దాచే ఓపిక లేదు. ఆమెకు ఆ మేడ కళ్ళముందు కనబడింది, దాని మీద నిలబడ్డ పిల్లా కనబడింది. పొగరుమోతు పిల్ల.

"మూడు," అంది.

ఆయన ఇచ్చాడు. ఆమె నోరు మూసుకుని ఒక వరుస లోలోపల అనుకుంది. వారాల తరబడి పాడని గొంతు. పైన అంచు గీసుకుంటోంది. ఇదివరకైతే ఆయనే కనిపెట్టి, ఆ చిన్న పరుగు చాటున ఏం చెయ్యాలో చేసేవాడు. ఇప్పుడు ఎదురుచూస్తున్నాడు.

"దించండి. రెండున్నర."

మైకు ఆన్‌లోనే ఉంది. ఆ మాట హాలంతా వినబడింది. ఒక్కరూ తలెత్తలేదు. ఎవరో నీళ్ళు అడుగుతున్నారు, ఎవరో బిల్లు అడుగుతున్నారు. ఏళ్ళ తరబడి నలుగురు మనుషులు కళ్ళల్లో పెట్టుకుని కాపాడిన అంకె, ఆ హాల్లో ఎవరికీ ఏమీ కాదు.

వెనకనుంచి డ్రైవరన్న మెల్లగా అన్నాడు. "దించితే ఏమైంది చెల్లమ్మా. పాడు."

పాడింది. పాట చివరిదాకా ఎక్కడా తడబడలేదు. సింకు దగ్గర చేతులు కడుక్కుంటున్న పెద్దమనిషి ఒకాయన ఆగి, "మీ గొంతు ఏమీ మారలేదమ్మా," అన్నాడు.

"మారింది," అంది ఆమె.

ఆయన అది వినయమనుకుని నవ్వి, చేతులు తుడుచుకుని టేబుల్ దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చేసరికి వదిన ముందుగదిలో కూర్చుని దారపు ఉండలు రంగులవారీగా సర్దుతోంది. "ఎలా జరిగింది?" అంది, అన్ని శనివారాలూ అన్నట్టే.

"రెండున్నర."

"వాడే ఇచ్చాడా?"

"నేనే అడిగాను."

వదిన చెయ్యి ఆగింది. "అందరి ముందూనా? ఎవరూ ఏమీ అనలేదా?"

"లేదు. డ్రైవరన్న మాత్రం, దించితే ఏమైంది, పాడు, అన్నాడు."

నోట్లోంచి వచ్చాక తెలిసింది ఆమెకు, ఏ మాట ఎవరి ముందు పెట్టిందో. మేడ మాటప్పుడూ అంతే, అన్నాక తెలిసింది. ఆయన గుమ్మంలోనే, పెట్టె భుజాన వేలాడుతుండగా, చెప్పులు విప్పుకోవడం మర్చిపోయి నిలబడ్డాడు.

"అన్నాడా," అంది వదిన.

ఒళ్ళో ఉన్న దారపు ఉండలు ఒక్కొక్కటే డబ్బాలో పెట్టి, మూత బిగించి లేచింది.

"పాలు పొంగుతున్నట్టున్నాయి," అని వంటింట్లోకి వెళ్ళింది.

ఇంట్లో ఎక్కడా పాల వాసన లేదు.